పండక్కి కుక్క కోసం బిస్కెట్లు: మన కుకీ రెసిపీలో చక్కెర తగ్గిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: పండక్కి ఇంట్లో అందరికీ కుకీలు చేస్తున్నారు. పది కిలోల మీ కుక్కకీ, స్నేహితుల ఇళ్లలో ఉన్న కుక్కలకీ కూడా ఏదైనా చేసి పెట్టాలని ఉంది. అదే రెసిపీలో చక్కెర తగ్గించి, చాక్లెట్ మానేస్తే చాలా? పైన ఐసింగ్ వేయొచ్చా? ఎన్నాళ్లు నిలవ ఉంటాయి?

ముందుగా మొదటిదానికి జవాబు: చాలదండీ. ఆ రెసిపీని పూర్తిగా పక్కన పెట్టేయండి. చాలా ఏళ్లుగా మా ఇంటి కుక్కలకీ, తెలిసినవాళ్ల కుక్కలకీ బిస్కెట్లు చేస్తున్నాను. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మనుషుల కుకీలోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే, తీయడం మర్చిపోయినది ఏదో ఒకటి అందులో మిగిలిపోతుంది. చక్కెర తగ్గిస్తారు, వెన్న అలాగే ఉంటుంది. చాక్లెట్ మానేస్తారు, వెనిల్లా ఎసెన్సో జాజికాయ పొడో గుర్తుకు రాదు. ఖాళీ గిన్నెతో మొదలుపెట్టి కుక్కకి పనికొచ్చేవి మాత్రమే వేస్తే ఆ బెంగ ఉండదు. నాలుగే నాలుగు పదార్థాలు చాలు. ఐదోది వేసే ముందు అది ఎందుకో ఆలోచించండి.

వెన్న విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి ఒక్కసారిగా తింటే కొన్ని కుక్కలకి క్లోమం వాస్తుంది, దాన్నే ప్యాంక్రియాటైటిస్ అంటారు. వాంతులు, కడుపునొప్పి, తిండి మానేయడం, నడుం వంచి ముందు కాళ్ల మీద వాలిపోవడం దాని లక్షణాలు. మినియేచర్ ష్నాజర్ లాంటి జాతుల్లో ఇది ఎక్కువ. ఇంట్లో నూనె, వెన్న వంటలు ఎక్కువగా ఉండేవి పండగ రోజులే. వచ్చినవాళ్లందరూ తలా ఒక ముక్క పెడుతూ ఉంటారు. దానికి తోడు మన బిస్కెట్ కూడా వెన్నతో చేసి పెట్టడం అనవసరం. వెన్న లేకుండానే కుక్క బిస్కెట్ చక్కగా వస్తుంది.

ఇక అసలు విషాల సంగతి. చాక్లెట్ కుక్కకి పడదని అందరికీ తెలుసు. కోకో పొడిలో మాత్రం ప్రమాదం ఇంకా ఎక్కువని చాలామందికి తట్టదు. అందులో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది, ఒంట్లోకి వెళ్లినది సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, కంగారు లాంటివి మొదలవుతాయి. కోకో పొడి గ్రాముకి సుమారు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది కాబట్టి, పది కిలోల మీ కుక్కకి ఓ 10 గ్రాముల కోకో పొడి చాలు ఒంట్లో తేడా చేయడానికి. మిల్క్ చాక్లెట్‌లో ఇందులో పదోవంతే ఉంటుంది. బేకింగ్ కోసం బల్ల మీద తెరిచి పెట్టే డబ్బానే అసలు భయం.

అంతకన్నా వేగంగా ప్రాణం మీదికి తెచ్చేది జైలిటాల్. చక్కెర లేని స్వీట్లలో, చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో వాడే తీపి పదార్థం ఇది. డబ్బా మీద బర్చ్ షుగర్ అనో, ఇ 967 అనో కూడా రాసి ఉండొచ్చు. మనకి ఏమీ కాదు. కుక్కలో మాత్రం ఇది ఇన్సులిన్‌ని ఒక్కసారిగా విడుదల చేయించి రక్తంలో చక్కెరని పడగొట్టేస్తుంది. ఒక్కోసారి అరగంటలోపే తూలడం, పడిపోవడం, ఫిట్స్ రావడం మొదలవుతాయి. మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు చక్కెర పడిపోవడానికి, అంటే మీ కుక్కకి ఒకే ఒక్క గ్రాము. అందుకే "చక్కెర బదులు షుగర్ ఫ్రీ వేస్తాను" అనే ఆలోచన అసలు చక్కెర వేయడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. కుక్కకి తీపి చేయాల్సిన పనే లేదు.

ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఏ కుక్కకి ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, అందుకని ఒక్క పలుకు కూడా వద్దు. ఇందులో బేకింగ్ చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలో జంతువుల విషప్రమాదాలు చూసే ఏఎస్‌పీసీఏ డాక్టర్లు, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి కలిపి ఇంట్లో చేసిన ఆటబంకమట్టి తిన్న కుక్కల్లో కూడా ద్రాక్ష తిన్నప్పటి లాంటి కిడ్నీ దెబ్బ కనిపించిందని గమనించారు. ద్రాక్షలో కూడా ఉండే టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం అయ్యుండొచ్చని 2021లో బయటపెట్టారు. క్రీమ్ ఆఫ్ టార్టార్ బేకింగ్ చేసే ఇళ్లలో ఉండే వస్తువే, కొన్ని బేకింగ్ పౌడర్లలో కూడా కలుపుతారు. చింతపండులోనూ ఆ ఆమ్లమే ఉంటుంది. కుక్క బిస్కెట్ పొంగాల్సిన అవసరం లేదు కాబట్టి నేను బేకింగ్ పౌడర్, సోడా రెండూ వేయను.

ఉల్లి, వెల్లుల్లి, వాటి పొడులు ఎర్రరక్తకణాలని పగలగొడతాయి. పొడిలో నీరు ఉండదు కాబట్టి తక్కువలోనే ఎక్కువ విషం. చికెన్ బిస్కెట్లకి ఉడకబెట్టిన నీళ్లు కలపాలనుకుంటే, ఆ నీళ్లలో ఇవేవీ పడి ఉండకూడదు. మకడేమియా గింజలు, జాజికాయ వద్దు. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ మూడోవంతు పైనే ఉంటుంది, అదీ వద్దు. ఉప్పు కూడా వేయకండి.

సరే, ఇప్పుడు చేసే పద్ధతి. ఓట్స్‌ని మెత్తగా పొడి చేసి 200 గ్రాములు తీసుకోండి. తొక్క తీసి ఉడికించి, నీళ్లు బాగా వంచేసి మెదిపిన చిలగడదుంప 150 గ్రాములు. ఒక గుడ్డు. రెండు పెద్ద చెంచాల పీనట్ బటర్, అందులో వేరుశనగ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంట్లో చేసుకోగలిగితే మరీ మంచిది: ఉప్పు లేకుండా వేయించి, పొట్టు తీసి, నూనె వదిలేదాకా మిక్సీలో తిప్పడమే. పప్పులు మాత్రం చేత్తో ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి పారేయండి. బూజు పట్టిన వేరుశనగలో ఉండే అఫ్లాటాక్సిన్ కుక్కల కాలేయానికి చాలా చెడు చేస్తుంది, వేయించినా బేక్ చేసినా అది పూర్తిగా పోదు.

అన్నీ కలిపి ముద్ద చేసి ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఈ ఆగడం చాలామంది మానేస్తారు, అప్పుడే పిండి చేతికి అంటుకుంటోందని ఇంకో గుప్పెడు ఓట్స్ పొడి వేసేస్తారు, చివరికి బిస్కెట్ పగుళ్లు వచ్చి పొడిపొడి అవుతుంది. ఓట్స్ నీటిని పీల్చుకోవడానికి సమయం ఇస్తే అదే సర్దుకుంటుంది. అప్పటికీ అంటుకుంటుంటే అప్పుడు కొంచెం చల్లండి. చిలగడదుంప బదులు గుమ్మడికాయ వాడితే దాన్లో నీరు ఎక్కువ, 110 గ్రాములతో మొదలుపెట్టండి. డబ్బాలో దొరికే గుమ్మడి గుజ్జు కొంటే, అది ఉత్త గుజ్జో, మసాలా, చక్కెర కలిపిన, పై (pie) అనే వంటకంలో నింపే ఫిల్లింగో చూసి తీసుకోండి. రెండు డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

రెండు బేకింగ్ కాగితాల మధ్య పెట్టి అర సెంటీమీటర్ కన్నా కాస్త మందంగా వత్తండి. అంతటా ఒకే మందం రావడం ముఖ్యం, లేకపోతే ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. ఇక ఆకారాలు. పండగ కదా అని నక్షత్రాల అచ్చు వాడాలనిపిస్తుంది. వాటి కొసలు సన్నగా ఉండి ముందు మాడిపోతాయి, బాగా ఆరాక గట్టిపడి నోట్లో గుచ్చుకుంటాయి. గుండ్రంగానో, మూలలు మొద్దుగా ఉండే ఆకారంలోనో కోయండి. నేనైతే అచ్చులన్నీ మానేసి కత్తితో 3 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోస్తాను, సుమారు 60 వస్తాయి. కుక్కకి ఆకారంతో పని లేదు. అందంగా కావాలంటే బహుమతిగా ఇచ్చేవాటిలో పైన పెట్టే నాలుగైదు మాత్రం అచ్చుతో చేయండి.

ఓవెన్ 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఒకసారి తిరగేయండి. ఇంతవరకు అందరూ చేస్తారు. నిలవ ఉంటుందా ఉండదా అన్నది దీని తర్వాత చేసే పని మీద ఉంటుంది. ఇప్పుడు ఓవెన్‌ని 95 డిగ్రీలకి తగ్గించి ఇంకో గంటన్నర, రెండు గంటలు ఆరనివ్వండి. ఆ తర్వాత ఆపేసి, ఓవెన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వండి. ఒకటి తీసి మధ్యకి విరిచి చూడండి. టక్‌మని విరగాలి, లోపల అంతా ఒకే రంగు ఉండాలి. మధ్యలో ముదురు రంగు గీత కనిపించినా, వంగినా తడి ఉన్నట్టే, మళ్లీ లోపల పెట్టండి.

ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. కొన్న బిస్కెట్లలో సాధారణంగా నిలవకోసం కలిపేవి ఉంటాయి. మన దాంట్లో ఉప్పూ లేదు, చక్కెరా లేదు. బూజుని ఆపేది ఒక్క పొడిదనమే. తిండి మీద పట్టే కొన్ని రకాల బూజులు నాడుల మీద పనిచేసే విషాలు తయారు చేస్తాయి, అవి తిన్న కుక్కకి వణుకు, ఫిట్స్ రావొచ్చు. కాబట్టి పైన ఒక చిన్న చుక్క కనిపించినా, ఆ ముక్క తీసేసి మిగతావి పెట్టడం కాదు, డబ్బా మొత్తం పారేయండి. బాగా ఆరినవి గాలి చొరబడని డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. వాతావరణం తేమగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరబెట్టకుండా మెత్తగా ఉంచినవైతే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే. ఫ్రీజర్‌లో మూడు నెలలైనా పర్వాలేదు. వేడిగా ఉండగా మూత పెట్టారో, ఆవిరి లోపలే నీరై ఇంత కష్టమూ వృథా అవుతుంది.

ముసలి కుక్కలకీ, పళ్లు బలహీనంగా ఉన్నవాటికీ గట్టి బిస్కెట్ వద్దు. వాటికోసం మెత్తనివి కొన్ని వేరుగా తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, లేదా గట్టిదాన్నే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఇవ్వొచ్చు. మా ఇంట్లో ముసలిదానికి ఇలాగే ఇచ్చేవాళ్లం, అది నానిన బిస్కెట్‌ని ఇంకా ఇష్టంగా తినేది. గోరువెచ్చగా ఉంటే వాసన బాగా లేస్తుంది. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700 ఉంటాయి, మనకి 9,000 దాకా. అది తిండిని ముందు ముక్కుతోనే ఎంచుకుంటుంది. అందుకే తీపి కోసం తంటాలు పడకుండా వాసన మీద శ్రద్ధ పెట్టమంటాను. ఏదీ తినని కుక్క అయితే పీనట్ బటర్ బదులు, ఉప్పు లేకుండా ఉడికించి మెత్తగా నూరిన చికెన్ 60 గ్రాములు వేసి చూడండి. అదే మోతాదులో లివర్ వేస్తే వాసనకి ఎంత మొండి కుక్కైనా వచ్చి కూర్చుంటుంది. కానీ లివర్‌లో విటమిన్ ఎ ఎక్కువ, రోజూ పెట్టేది కాదు. మాంసం వేసినవి ఎంత ఆరినట్టు కనిపించినా ఫ్రిజ్ బయట ఉంచకండి.

ఐసింగ్ అడిగారు. చక్కెర ఐసింగ్ వద్దు. పైన చల్లే రంగు స్ప్రింకిల్స్, వెండి పూసలు, మెరుపు పొడి కూడా వద్దు. మీగడ తీసిన గట్టి పెరుగుని గుడ్డలో కట్టి రాత్రంతా నీరు కార్చి, తినిపించే రోజు పలుచగా రాయండి. పాలకన్నా పెరుగులో లాక్టోజ్ తక్కువ, చాలా కుక్కలకి కొంచెమైతే సరిపడుతుంది. పాలు పడని కుక్కైతే ఉడికిన బంగాళదుంపని నీళ్లతో జారుగా మెదిపి పైపింగ్ సంచిలో వేసుకోవచ్చు, పచ్చగా మారిన దుంప మాత్రం వాడొద్దు. రంగు కావాలంటే బీట్‌రూట్ రసం చుక్క. మర్నాడు మలమో మూత్రమో ఎర్రగా కనిపిస్తే టెన్షన్ పడకండి, అది బీట్‌రూటే అయ్యుండొచ్చు. మూత్రంలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి మాత్రం బీట్‌రూట్, పాలకూర రెండూ మానేయండి. చాక్లెట్ రంగు కావాలని మరీ ఉంటే క్యారబ్ అనే చెట్టు కాయల పొడి వాడతారు. నాకు అది అంతగా నచ్చదు. చూడ్డానికి చాక్లెట్‌లా ఉన్న బిస్కెట్ కుక్కకి పెడుతుంటే ఇంట్లో పిల్లలు చూసి, చాక్లెట్ పెట్టొచ్చు కాబోలు అనుకుంటారు. పైన పూసిన తర్వాత అది పొడి బిస్కెట్ కాదని గుర్తుంచుకోండి, ఫ్రిజ్‌లో రెండు రోజుల్లో అయిపోవాలి.

ఎన్ని పెట్టాలి? రోజు తిండిలో ట్రీట్ల వాటా పదోవంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. పైన చెప్పిన ముద్ద మొత్తం కలిపి సుమారు 1,150 కేలరీలు, 60 ముక్కలు చేస్తే ఒక్కోటి 20కి దగ్గర. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పది కిలోల కుక్కకి రోజుకి ఓ 600 కేలరీలు కావాలి. అంటే మూడు బిస్కెట్లు, అంతే. ఐదు కిలోల కుక్కకి ఒకటిన్నర. వినడానికి తక్కువగానే ఉంటుంది. కానీ ఒక్కో బిస్కెట్‌ని నాలుగుగా విరిచి రోజంతా ఇస్తే కుక్కకి పన్నెండు సార్లు దొరికినట్టు. పండగ రోజు ఇంట్లో చేతులు ఎక్కువ కాబట్టి నేను పొద్దున్నే ఆ రోజు ముక్కలు ఒక చిన్న గిన్నెలో వేసి పెట్టేస్తాను. ఎవరు పెట్టాలన్నా అందులోంచే. గిన్నె ఖాళీ అయితే అయిపోయినట్టే. చుట్టాలతో వాదన అక్కర్లేదు.

మొదటిసారి చేసినప్పుడు పండగ రోజే పెట్టకండి. రెండు మూడు రోజుల ముందే ఒక ముక్క పెట్టి చూడండి. దురద, చెవులు గోక్కోవడం, విరేచనాలు ఏవైనా వస్తే తెలుస్తుంది. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. అందుకే పరిచయం లేని కుక్కకి ఇచ్చేటప్పుడు నేను ఓట్స్, చిలగడదుంపతోనే చేస్తాను. గుడ్డు కూడా వద్దంటే దాని బదులు ఇంకో రెండు చెంచాల మెదిపిన దుంప వేస్తే చాలు, కాస్త పెళుసుగా వస్తుంది.

బిస్కెట్లు చేసే రోజు వంటింటినీ కాస్త చూసుకోవాలి. ఈస్ట్ వేసిన పచ్చి పిండి కుక్క అందుకునే ఎత్తులో పెట్టకండి. తింటే కడుపులోని వెచ్చదనానికి అది ఇంకా పొంగుతుంది, పులిసి ఆల్కహాల్ కూడా తయారవుతుంది, రెండూ ప్రమాదమే. ఉప్పు, మైదా కలిపి చేసే అలంకరణ బొమ్మలు కూడా అంతే. పిండి వాసనకి కుక్క వాటిని నమిలేస్తుంది, వాటిలో ఉప్పు ప్రాణం తీసేంత ఉంటుంది. అలాంటిదేదైనా తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం లాంటివి సొంతంగా చేయొద్దు, ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది.

ఇక స్నేహితుల కుక్కలు. ఇచ్చే ముందు వాళ్లని ఒక్క మాట అడగండి. షుగర్, కిడ్నీ జబ్బు, ఇదివరకు ప్యాంక్రియాటైటిస్ వచ్చినవి, డాక్టర్ రాసిచ్చిన తిండి మీద ఉన్నవి ఉంటే డాక్టర్‌ని అడిగాకే. అలర్జీ ఏదో తేల్చడానికి వారాల తరబడి ఒకే తిండి పెడుతున్న కుక్కకి ఒక్క బిస్కెట్ పెట్టినా ఆ పరీక్షంతా మొదటికొస్తుంది, దానికి ఒక బొమ్మ కొనివ్వండి. మూట కట్టేటప్పుడు రిబ్బన్, దారం వాడొద్దు. కుక్క మింగితే అవి పేగుల్లో చుట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్తుంది. మూత ఉన్న డబ్బా చాలు. దాని మీద వేసిన పదార్థాలన్నీ, చేసిన తేదీ, ఒక్కోటి సుమారు 20 కేలరీలని, "కుక్కలకి" అని పెద్దక్షరాలతో రాసి అంటించండి. మనుషులు తిన్నా ఏమీ కాదు, చప్పగా ఉంటాయంతే. కానీ పక్కనే మీ కుకీల డబ్బా కూడా ఉంటుంది కదా, అది కుక్క దగ్గరికి వెళ్లకూడదు.